ఏజెంట్ చదివే మాన్యువల్

సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే మాన్యువల్స్ రాయడం నా ఉద్యోగం. హైదరాబాద్ కంపెనీల్లో మమ్మల్ని టెక్నికల్ రైటర్లంటారు. ఇన్నాళ్లూ మేం రాసింది ప్రోగ్రామర్లు, ప్రాజెక్టు మేనేజర్లు చదివేవారు. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు కూడా చదువుతున్నాయి. అందుకే రాసే తీరు మార్చుకోవాల్సి వస్తోంది.

అడిగినదానికి జవాబిచ్చి ఊరుకునేది చాట్‌బాట్. ఏజెంట్ పని కూడా చేసుకొస్తుంది. ‘ఆలస్యమైన పనులేవో చూసి, సంబంధించినవాళ్లకి గుర్తుచెయ్యి’ అని మేనేజర్ చెబితే చాలు, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి అన్నీ తనే చూసుకుంటుంది. అందుకు దాని చేతికి కొన్ని టూల్స్ ఇస్తారు. పనుల జాబితా తేవడానికి ఒకటి, కొత్త పని నమోదుకు ఒకటి, గడువు మార్చడానికి ఇంకొకటి. ఇలా టూల్స్‌ని ఏజెంట్‌కి అందించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతిని తెచ్చింది. మరుసటి ఏడాది ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా ఆ దారికే వచ్చాయి. ఈ పద్ధతిలో ఒక్కో టూల్‌కీ పేరు, చిన్న వివరణ, ఏయే సమాచారం ఇవ్వాలో తెలిపే పట్టిక ఉంటాయి. లోపలి ప్రోగ్రాం ఏజెంట్‌కి కనిపించదు. ఏ టూల్ ఎప్పుడు వాడాలో ఆ నాలుగు వాక్యాలు చదివే తేల్చుకుంటుంది.

జిరా సంగతే చూడండి. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ 2002లో తెచ్చిన, టీమ్ పనుల లెక్క చూసే ఈ సాఫ్ట్‌వేర్ మన ఐటీ ఆఫీసుల్లో తెలియనివారుండరు. అందులో గడువు దిద్దినట్టుగా ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు లోపలికి వచ్చే దారి) ద్వారా స్టేటస్‌ని నేరుగా దిద్దడం కుదరదు. ఆ పని ఇప్పుడున్న చోటి నుంచి ఏ స్టేటస్‌కి వెళ్లనిస్తారో ముందు అడగాలి. వచ్చిన జాబితాలోంచి కావలసిన మార్పు నంబరు ఇవ్వాలి. కొత్తగా చేరిన కుర్రాడైతే పక్క సీట్లో ఉన్న అక్కని అడిగి తెలుసుకుంటాడు. ఏజెంట్‌కి అలా అడగడానికి పక్క సీట్లో ఎవరూ ఉండరు. గడువు మార్చే టూల్‌తోనే స్టేటస్ కూడా మార్చబోతుంది. ఎర్రర్ వస్తే మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఇలాంటి టూల్‌కి ‘స్టేటస్‌ని అప్‌డేట్ చేస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేయడం మామూలే. నేనైతే ఇలా రాస్తాను: ‘పని స్టేటస్ మార్చడానికి మాత్రమే. ముందు వీలున్న మార్పుల జాబితా తెచ్చే టూల్‌ని వాడి, నంబరు తీసుకోవాలి. కోరిన మార్పు జాబితాలో లేకపోతే ఆగి, యూజర్‌కి చెప్పాలి. గడువు మార్చడానికి దీన్ని వాడకూడదు.’ ఈ చివరి వాక్యం చాలామంది రాయరు. నా దృష్టిలో మిగతావాటన్నిటికంటే అదే విలువైంది. ఒకేలా కనిపించే రెండు టూల్స్ మధ్య ఏజెంట్ తడబడేది అక్కడే.

కొలతల దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. జిరాలో పనిచేసిన సమయాన్ని సెకన్లలోనూ ఇవ్వచ్చు, అప్పుడు రెండు గంటలంటే 7200. ఒక రోజు అని రాస్తే, సెట్టింగు మార్చనంతవరకు 8 గంటల పనిదినం అని అర్థం, 24 గంటలు కాదు. ఇక ‘రేపు’ సంగతి. డల్లాస్‌లో సోమవారం రాత్రి మేనేజర్ రేపటికి గడువు పెట్టమంటే, హైదరాబాద్‌లో అప్పటికే మంగళవారం. తేదీ ఏ ఊరి లెక్కన వేసుకోవాలో వివరణలో ఉండాలి. టీమ్‌లో ఇద్దరు రమేశ్‌లుంటే, పని ఎవరికివ్వాలో యూజర్‌ని అడగమనీ రాయాలి.

అలాగని పేజీలకు పేజీలు నింపకూడదు. టూల్స్ వివరణలన్నీ, అప్పగించిన పనితోపాటు, ఏజెంట్ ఒక విడతలో చదవగలిగే పరిమితిలోనే ఇమడాలి. అవి ఎంత పెరిగితే అసలు పనికి చోటు అంత తగ్గుతుంది.

ఎక్కువ భయపడాల్సింది తుడిచేసే టూల్స్ గురించి. 2025 మార్చిలో వచ్చిన ఎంసీపీ కూర్పులో, టూల్ చదవడానికేనా, ఉన్నదాన్ని చెరిపేస్తుందా అని గుర్తు పెట్టే వీలు కల్పించారు. కానీ అది సూచన మాత్రమే, అడ్డుకట్ట కాదు. టూల్ రాసినవాళ్లు తప్పుడు గుర్తు పెట్టినా పెట్టవచ్చు. అందుకే ప్రాజెక్టుని తొలగించేలాంటి పనికి మనిషి అనుమతి తప్పనిసరి చేయాలి, ఆ కట్టడి ప్రోగ్రాంలోనే ఉండాలి. కొత్త పని నమోదు చేసే టూల్‌కి ఇంకో చిక్కుంది. నెట్‌వర్క్ మధ్యలో తెగితే ఏజెంట్ మళ్లీ పంపుతుంది, ఒకే పని రెండుసార్లు నమోదవుతుంది. ‘మళ్లీ పంపేముందు అదే పేరుతో పని ఉందేమో వెతకాలి’ అని వివరణలో ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఈ సంగతులన్నీ బాగా తెలిసినవాళ్లు రోజూ ఆ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టే కోఆర్డినేటర్లు, టెస్టర్లు. కంపెనీల్లో మాత్రం వివరణ రాసే పనిని విడుదలకు ముందురోజు ప్రోగ్రామర్‌కి అంటగడుతున్నారు. దయచేసి అలా చేయకండి. మీ టీమ్‌లో ఆ పని బాగా తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి. రాసిందాన్ని ఏజెంట్‌కి ఇచ్చి, ఏ టూల్ ఎంచుకుంటుందో ఆ మనిషి ముందే పరీక్షించి చూడండి.