ఫ్యాక్స్ ‘అందింది’ అని చెప్పేది ఎవరు? మోడెమ్ ఏటీ కమాండ్లతో ఫ్యాక్స్ రిసీవ్ చేయడం ఎలా?

వాట్సాప్‌లో రెండు టిక్కులు పడితే మెసేజ్ అవతలి ఫోన్‌కి చేరిందని మనకి తెలుసు. ఈ ఐడియా వాట్సాప్‌తో పుట్టింది కాదు. 1980లో గ్రూప్ 3 ఫ్యాక్స్ స్టాండర్డ్ వచ్చినప్పటి నుంచీ ఫ్యాక్స్‌లో ప్రతి పేజీకీ ఇలాంటి టిక్ ఒకటి ఉంది. దాని పేరు ఎంసీఎఫ్, అంటే మెసేజ్ కన్ఫర్మేషన్. పేజీ అందుకున్న మెషిన్ ఈ సిగ్నల్ పంపితేనే, పంపిన మెషిన్ రిపోర్ట్ మీద ‘ఓకే’ అని ప్రింట్ చేస్తుంది.

మా గజపతినగరం లాంటి ఊళ్లలో ఒకప్పుడు పీసీఓ బోర్డుల మీద ఎస్‌టీడీ, ఐఎస్‌డీ పక్కనే ఫ్యాక్స్ అని కూడా ఉండేది. ఇప్పుడు ఆ పనంతా పీడీఎఫ్, వాట్సాప్ చేస్తున్నాయి. కానీ జపాన్ ఆఫీసుల్లో, అమెరికా హాస్పిటళ్లలో ఫ్యాక్స్ ఇంకా నడుస్తోంది. హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో పనిచేసే మనవాళ్లకి ఫ్యాక్స్ సర్వర్ అనే మాట ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. ఆ సర్వర్ లోపల ఏం జరుగుతుందో, మోడెమ్‌తో ఏ కమాండ్లలో మాట్లాడుతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ముఖ్యంగా ఒక ప్రశ్నకి జవాబు వెతుకుదాం: ఆ ‘ఓకే’ అనే మాట ఎప్పుడు చెప్పాలి?

‘ఓకే’కి అంత విలువ ఎందుకు?

ఎందుకంటే కోర్టు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంది. సిల్ ఇంపోర్ట్ వర్సెస్ ఎగ్జిమ్ ఎయిడ్స్ సిల్క్ ఎక్స్‌పోర్టర్స్ అని 1999లో సుప్రీంకోర్టు తేల్చిన చెక్ బౌన్స్ కేసు ఒకటి ఉంది. అందులో 1996 జూన్‌లో నోటీసు ముందు ఫ్యాక్స్‌లో వెళ్లింది, మరుసటి రోజు అదే నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. ఫ్యాక్స్‌లో అందిన నోటీసు కూడా రాతపూర్వక నోటీసేనని కోర్టు చెప్పింది. గడువుని పోస్టు అందిన రోజు నుంచి కాకుండా ఫ్యాక్స్ అందిన రోజు నుంచి లెక్కేసింది. ఆ లెక్కలో కంప్లైంట్ ఆలస్యమైపోయింది. నోటీసు పంపినవాళ్లే కేసు ఓడిపోయారు.

ఇంకో ఉదాహరణ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 నవంబర్ 21న ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మెహబూబా ముఫ్తీ రాసిన లెటర్‌ని జమ్మూ కశ్మీర్ రాజ్‌భవన్ ఫ్యాక్స్ తీసుకోలేదు. ఆమె దాన్ని ట్విట్టర్‌లో పెట్టారు. అదే రాత్రి గవర్నర్ సత్యపాల్ మలిక్ అసెంబ్లీని రద్దు చేశారు. పండగ సెలవు కాబట్టి ఫ్యాక్స్ చూడ్డానికి మనిషి లేడని తర్వాత చెప్పారు. రాజకీయం పక్కన పెడదాం. టెక్నికల్‌గా చూస్తే అక్కడ ఒక మంచి విషయం ఉంది: ఫ్యాక్స్ వెళ్లలేదని పంపినవాళ్లకి అప్పటికప్పుడే తెలిసింది. అంతకన్నా ప్రమాదం ఏంటంటే, పంపినవాళ్లకి ‘ఓకే’ వచ్చి, ఇవతల పేజీ మాయమైపోవడం. సాఫ్ట్‌వేర్ సరిగ్గా రాయకపోతే జరిగేది అదే.

ముందు ఏమేం కావాలి?

- ఫ్యాక్స్ సపోర్ట్ ఉన్న యూఎస్‌బీ 56కే మోడెమ్. 4జీ డాంగుల్ పనికిరాదు. అది కూడా ఏటీ కమాండ్లు వింటుంది కానీ దానికి ల్యాండ్‌లైన్ జాక్ ఉండదు.
- ఒక ల్యాండ్‌లైన్.
- లైనక్స్‌లో మినీకామ్, విండోస్‌లో పుట్టీ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్.

కమాండ్లని ఇక్కడ అక్షరాల పేర్లతో రాశాం. ‘ఏటీ+ఎఫ్‌డీఆర్’ అని ఉంటే ఏ, టీ, ప్లస్, ఎఫ్, డీ, ఆర్ అని ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో కొట్టి ఎంటర్ నొక్కాలి. ‘క్లాస్’ ఒక్కటే పూర్తి స్పెల్లింగ్‌తో కొట్టాలి.

మొదటి కమాండ్: ఏటీ+ఎఫ్‌క్లాస్=?

మోడెమ్ 0,1,2,2.0 లాంటి లిస్ట్ ఇస్తుంది. 0 అంటే మామూలు డేటా. 1, 2, 2.0 అంటే ఫ్యాక్స్. లిస్ట్‌లో 0 ఒక్కటే ఉంటే ఆ మోడెమ్‌తో ఫ్యాక్స్ కుదరదు.

క్లాస్ 1, క్లాస్ 2: తేడా ఏంటి?

ఫ్యాక్స్ కాల్ అంటే రెండు మెషిన్ల మధ్య నడిచే సంభాషణ. దాని రూల్స్ టీ.30 అనే స్టాండర్డ్‌లో ఉంటాయి. ‘నేను ఇంత స్పీడ్ తీసుకోగలను’, ‘సరే, ఇదిగో టెస్ట్’, ‘టెస్ట్ బాగుంది, పంపు’, ‘పేజీ అయిపోయింది’, ‘అందింది’. ఇంతే ఆ సంభాషణ.

క్లాస్ 1లో ఈ సంభాషణ అంతా మీ ప్రోగ్రామే నడపాలి. మోడెమ్ గొంతు, చెవి మాత్రమే. క్లాస్ 2లో సంభాషణని మోడెమ్ నడిపిస్తుంది, మీకు రిజల్ట్ చెప్తుంది. క్లాస్ 2 అనేది స్టాండర్డ్ డ్రాఫ్ట్‌గా ఉన్నప్పుడే కంపెనీలు చిప్‌లలో పెట్టేసిన వెర్షన్. ఫైనల్ స్టాండర్డ్ వచ్చేసరికి చాలా మారింది, అందుకే దానికి 2.0 అని వేరే పేరు వచ్చింది. రెండూ ఒకటే అనుకోవద్దు, రిప్లైల పేర్లు కూడా వేరు.

క్లాస్ 2లో రిసీవ్ చేద్దాం

సులువైనది కాబట్టి దీంతో మొదలుపెడదాం.

1. ఏటీ+ఎఫ్‌క్లాస్=2. ఫ్యాక్స్ మోడ్‌లోకి వెళ్తుంది.
2. ఏటీ+ఎఫ్‌సీఆర్=1. ‘నేను రిసీవ్ చేయగలను’ అని మోడెమ్‌కి చెప్తున్నాం. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.
3. ఏటీ+ఎఫ్‌ఎల్‌ఐడీ= తర్వాత కోట్స్‌లో మీ నంబర్. అవతలి మెషిన్‌కి కనిపించే ఐడీ ఇదే.
4. ఏటీ+ఎఫ్‌డీసీసీ=1,3,0,2,0,0,0,0. మన కెపాసిటీ లిస్ట్. మొదటి 1 అంటే ఫైన్ రిజల్యూషన్, రెండోదైన 3 అంటే 9600 స్పీడ్. అక్కడ 5 పెడితే 14400.
5. రింగ్ వచ్చాక ఏటీఏ. మోడెమ్ ఫోన్ ఎత్తి 2100 హెర్ట్జ్ టోన్ ఇస్తుంది.

ఇప్పుడు మోడెమ్ వరసగా రిప్లైలు ఇస్తుంది. +ఎఫ్‌సీఓఎన్ అంటే అవతల ఉన్నది ఫ్యాక్సే. +ఎఫ్‌టీఎస్‌ఐ అంటే పంపేవాళ్ల ఐడీ. +ఎఫ్‌డీసీఎస్ అంటే ఇద్దరికీ కుదిరిన సెట్టింగ్స్. చివర్లో ఓకే.

6. ఏటీ+ఎఫ్‌డీఆర్. ‘పేజీ ఇవ్వు’ అని అర్థం. కనెక్ట్ అని వచ్చాక మీరు డీసీ2 అనే ఒక్క బైట్ పంపాలి, అంటే డెసిమల్‌లో 18. అప్పుడే డేటా మొదలవుతుంది. కొన్ని పాత మోడెమ్‌లు దాని బదులు డీసీ1, అంటే 17 కోసం ఎదురుచూస్తాయి. కనెక్ట్ వచ్చి డేటా రాకపోతే ముందు చూడాల్సింది ఇదే.
7. పేజీ అయ్యాక డీఎల్‌ఈ, ఈటీఎక్స్ అనే రెండు బైట్లు వస్తాయి, 16 తర్వాత 3. తర్వాత +ఎఫ్‌పీటీఎస్:1 అంటే పేజీ బాగా వచ్చింది, 2 అంటే పాడైంది. +ఎఫ్‌ఈటీ:0 అంటే ఇంకో పేజీ ఉంది, 2 అంటే ఇదే ఆఖరిది.
8. మళ్లీ ఏటీ+ఎఫ్‌డీఆర్. ఇంకో పేజీ ఉంటే అది వస్తుంది. లేకపోతే +ఎఫ్‌హెచ్‌ఎన్‌జీ:0 అని వచ్చి కాల్ సవ్యంగా ముగుస్తుంది.

ఎనిమిదో స్టెప్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పేజీ అయిపోయిన వెంటనే మోడెమ్ తనంతట తాను ఎంసీఎఫ్ పంపదు. మీరు రెండోసారి ఏటీ+ఎఫ్‌డీఆర్ కొట్టినప్పుడే పంపుతుంది. అంటే అవతలి మెషిన్‌లో ‘ఓకే’ ప్రింట్ చేయించేది మీ కోడ్‌లోని ఆ ఒక్క లైన్.

క్లాస్ 1లో లోపల జరిగేది

ఇదే పని క్లాస్ 1లో చేస్తే పరదా వెనక ఏముందో కనిపిస్తుంది.

ఏటీఏ కొట్టగానే మోడెమ్ టోన్ ఇచ్చి, 300 బిట్‌ల స్పీడ్‌తో వి.21 కంట్రోల్ ఛానెల్ తెరిచి కనెక్ట్ అంటుంది. మన కెపాసిటీ ఫ్రేమ్ డీఐఎస్ మనమే పంపాలి. ఫ్రేమ్‌లో మొదటి బైట్ హెక్స్‌లో ఎఫ్‌ఎఫ్. రెండోది 03 అయితే వెనక ఇంకా ఫ్రేమ్‌లు ఉన్నట్టు, 13 అయితే ఇదే ఆఖరిది.

తర్వాత ఏటీ+ఎఫ్‌ఆర్‌హెచ్=3. కంట్రోల్ ఫ్రేమ్ వినడానికి. ముందు పంపేవాళ్ల ఐడీ, మళ్లీ అదే కమాండ్ ఇస్తే డీసీఎస్ ఫ్రేమ్ వస్తాయి. డీసీఎస్‌లో స్పీడ్ 9600 అని ఉంటే వెంటనే ఏటీ+ఎఫ్‌ఆర్‌ఎం=96 ఇవ్వాలి. అవతలి మెషిన్ ఒకటిన్నర సెకన్ల పాటు వట్టి సున్నాలే పంపుతుంది. 9600 స్పీడ్‌లో అవి 1800 బైట్లు. సున్నాలు సున్నాలుగానే వస్తే లైన్ బాగున్నట్టు. అప్పుడు ఏటీ+ఎఫ్‌టీహెచ్=3 ఇచ్చి సీఎఫ్‌ఆర్ ఫ్రేమ్ పంపాలి. లేదంటే ఎఫ్‌టీటీ పంపితే స్పీడ్ తగ్గించి మళ్లీ ప్రయత్నిస్తుంది.

మళ్లీ ఏటీ+ఎఫ్‌ఆర్‌ఎం=96. ఈసారి అసలు పేజీ. అది ముగిశాక ఏటీ+ఎఫ్‌ఆర్‌హెచ్=3 ఇస్తే ‘పేజీలు అయిపోయాయి’ అనే ఈఓపీ ఫ్రేమ్ వస్తుంది. చివరగా ఏటీ+ఎఫ్‌టీహెచ్=3 ఇచ్చి ఎంసీఎఫ్ పంపాలి. ఇక్కడ కూడా ‘అందింది’ అనేది మన ప్రోగ్రామే.

క్లాస్ 1లో అసలు తిరకాసు టైమింగ్. డీసీఎస్‌కీ టెస్ట్ సిగ్నల్‌కీ మధ్య గ్యాప్ దాదాపు 75 మిల్లీసెకన్లు. ఈలోపు మీ ప్రోగ్రామ్ ఫ్రేమ్ చదివి, స్పీడ్ తేల్చి, కమాండ్ ఇచ్చేయాలి. వర్చువల్ మెషిన్‌లో యూఎస్‌బీ పాస్‌త్రూ పెట్టి నడిపితే కాల్స్ ఊరికే ఫెయిల్ అవడానికి కారణం చాలాసార్లు ఇదే. మోడెమ్ +ఎఫ్‌సీఎర్రర్ అంటే మీరు అడిగిన సిగ్నల్ కాకుండా వేరే సిగ్నల్ వినిపించిందని అర్థం.

ముందు సేవ్, తర్వాతే ‘ఓకే’

చాలా శాంపిల్ కోడ్‌లలో వరస ఇలా ఉంటుంది: పేజీని మెమరీలో పెట్టుకో, ఎంసీఎఫ్ పంపు, కాల్ కట్ అయ్యాక ఫైల్ రాయి. డెమోలో బాగానే పనిచేస్తుంది. కానీ ఎంసీఎఫ్‌కీ ఫైల్ రాయడానికీ మధ్య కరెంటు పోయిందనుకోండి, లేదా డిస్క్ నిండిపోయిందనుకోండి. అవతల ‘ఓకే’ రిపోర్ట్ ఉంటుంది, తేదీ టైమ్‌తో సహా. ఇవతల ఏమీ ఉండదు. చెక్ నోటీసైనా, డాక్టర్ రాసిన మందుల చీటీ అయినా అంతే సంగతులు. తిరిగి పంపమని అడగడానికి కూడా అలాంటిది ఒకటి వచ్చిందని మీకు తెలియదు.

సరైన వరస: పేజీ వచ్చింది, ఫైల్‌లో రాయి, డిస్క్‌కి ఫ్లష్ చెయ్యి, సక్సెస్ అయితేనే ఎంసీఎఫ్.

దీనికి టైమ్ సరిపోతుందా? సరిపోతుంది. ఈఓపీ పంపిన మెషిన్ జవాబు కోసం దాదాపు 3 సెకన్లు ఆగుతుంది, రాకపోతే మళ్లీ అడుగుతుంది, మొత్తం మూడుసార్లు. ఒక ఏ4 పేజీ అంటే లైన్‌కి 1728 చుక్కలు, స్టాండర్డ్ రిజల్యూషన్‌లో సుమారు 1143 లైన్లు. కంప్రెషన్ లేకపోయినా 250 కేబీ లోపే, కంప్రెస్ అయితే ఇంకా చాలా తక్కువ. దాన్ని డిస్క్‌కి రాయడానికి మిల్లీసెకన్లు చాలు.

రాయడం ఫెయిలైతే? క్లాస్ 2లో ఏటీ+ఎఫ్‌పీటీఎస్=2 ఇచ్చి, తర్వాత ఏటీ+ఎఫ్‌డీఆర్ ఇస్తే ఎంసీఎఫ్ బదులు ‘పేజీ బాలేదు’ అనే ఆర్‌టీఎన్ వెళ్తుంది. కొన్ని మెషిన్లు దానికి పేజీ మళ్లీ పంపుతాయి, కొన్ని పంపవు. అంతకన్నా సింపుల్ దారి, ఏటీ+ఎఫ్‌కే ఇచ్చి కాల్ కట్ చేయడం. అవతల ఎర్రర్ రిపోర్ట్ వస్తుంది. ఎర్రర్ వచ్చినవాడు మళ్లీ పంపుతాడు, ‘ఓకే’ వచ్చినవాడు పంపడు.

తరచూ వచ్చే ఇబ్బందులు

- పేజీ మధ్యలో చెత్తలా ఉంది: డేటాలో నిజంగానే 16 అనే బైట్ ఉంటే మోడెమ్ దాన్ని రెండుసార్లు పంపుతుంది. రెండింటిని ఒకటి చేయాలి.
- ఫైల్ అస్సలు తెరుచుకోవడం లేదు: బిట్ ఆర్డర్ తిరగబడి ఉండొచ్చు. క్లాస్ 2లో ఏటీ+ఎఫ్‌బీఓఆర్ మార్చి చూడండి.
- +ఎఫ్‌హెచ్‌ఎన్‌జీ నంబర్ 0 కాదు: 70 నుంచి 89 అయితే సెట్టింగ్స్ కుదిరే దశలో, 90ల్లో అయితే పేజీ వస్తుండగా, 100 నుంచి 119 అయితే పేజీ తర్వాత తేడా వచ్చింది.
- ఫైబర్ లైన్ మీద కాల్స్ తెగిపోతున్నాయి: ఫైబర్ బాక్స్ నుంచి వచ్చే ఫోన్ నిజానికి ఇంటర్నెట్ కాల్. గొంతుకి సరిపడే కంప్రెషన్ ఫ్యాక్స్ సిగ్నల్‌ని చంపేస్తుంది. బాక్స్ సెట్టింగ్స్‌లో టీ.38 ఉంటే ఆన్ చేయండి, లేకపోతే జీ.711 కోడెక్ పెట్టి స్పీడ్‌ని 9600కి తగ్గించండి.

చివరగా: ఏది వాడాలి?

నేర్చుకోవడానికి క్లాస్ 2తో మొదలుపెట్టి, తర్వాత క్లాస్ 1 ట్రై చేయండి. టీ.30 అంతా అర్థమవుతుంది. నిజంగా ఆఫీసులో పెట్టాలంటే సొంతంగా రాయకండి. శామ్ లెఫ్లర్ మొదలుపెట్టిన హైలాఫ్యాక్స్, గెర్ట్ డోరింగ్ రాసిన ఎంగెట్టీ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లు ఏళ్ల తరబడి రకరకాల మోడెమ్‌ల తిక్కలన్నీ చూశాయి. వాటి సోర్స్ చదవడమే మంచి పాఠం.

ఫ్యాక్స్ జోలికి ఎప్పటికీ వెళ్లకపోయినా ఒక అలవాటు మాత్రం తీసుకెళ్లండి. రేపు మీరు పేమెంట్ వెబ్‌హుక్ రాసినా, మెసేజ్ క్యూ కన్స్యూమర్ రాసినా ఇదే ప్రశ్న వస్తుంది: ‘అందింది’ అని చెప్పేముందు అది మీ దగ్గర నిజంగా సేవ్ అయ్యిందా? కాకపోతే ‘అందింది’ అని చెప్పొద్దు.