మెత్తటి డిప్ప తాబేలుకు 12 కోట్ల ఏళ్ల చరిత్ర

మన చెరువుల్లో మామూలుగా రెండు రకాల తాబేళ్లు కనిపిస్తాయి. నల్లగా, పలకలు పలకలుగా గట్టి డిప్ప ఉండేది ఒకటి. పైన నున్నటి తోలు కప్పుకొని, అంచు మెత్తగా ఉండేది ఇంకొకటి. ఈ రెండో రకాన్ని మెత్తటి డిప్ప తాబేలు అంటాం. ప్రపంచంలో ఇవాళ వీటిలో 30కి పైగా జాతులున్నాయి. పరిణామం పాఠం చదివిన పిల్లలకు ఇక్కడ ఒక సందేహం రావాలి. మెత్తటి వస్తువు రాతిలో నిలవదు గదా, కుళ్లిపోతుంది. మరి వీటి పాత చరిత్ర మనకెలా తెలిసింది?

నిజానికి ఆ మెత్తదనం పైపైనే. మామూలు తాబేలు డిప్పలో రెండు పొరలుంటాయి: లోపల ఎముక, దాని మీద మన గోళ్లలాంటి పదార్థంతో చేసిన పలకలు. మెత్తటి డిప్ప తాబేళ్లు ఆ పలకలను పోగొట్టుకున్నాయి. డిప్ప అంచున ఉండే ఎముకలను కూడా దాదాపుగా పోగొట్టుకున్నాయి. అందుకే అంచు తోలులాగా వంగుతుంది. నడుమ ఎముక మాత్రం అలాగే ఉంది. దాని పైభాగం నిండా చిన్న చిన్న గుంటలు, గట్లు. గంట్లు పెట్టిన సన్నికల్లును చూసినవాళ్లు అలా ఊహించుకోవచ్చు. ఈ గుర్తు వల్ల అరచేతిలో పట్టే ముక్క దొరికినా, ఇది ఆ కుటుంబానిదే అని చాలాసార్లు చెప్పేయొచ్చు.

ఈ సులువే తర్వాత తలనొప్పి తెచ్చింది. కుటుంబం ఏదో ముక్కను చూసి చెప్పొచ్చు గానీ, జాతి ఏదో చెప్పలేం. ఒకే జాతిలో కూడా గుంటల తీరు మారుతుంది, పిల్లకూ పెద్దదానికీ తేడా ఉంటుంది. అయినా పాతకాలపు పరిశోధకులు దొరికిన ముక్కకల్లా ఒక కొత్త పేరు పెట్టి, చాలావాటిని 'ట్రయోనిక్స్' అనే ఒకే ప్రజాతిలో పడేశారు. ట్రయోనిక్స్ అంటే మూడు గోళ్లది. ఇవాళ బతికున్నవాటిలో ఆ పేరు ఒక్క జాతికే మిగిలింది, అది నైలు నదిలోనూ ఉండే ఆఫ్రికా తాబేలు. పాత పేర్లలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని తేల్చే పని ఇంకా నడుస్తూనే ఉంది.

ముక్క కాకుండా పూర్తి అస్థిపంజరం దొరికితే కథ వేరు. చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో సుమారు 12 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో 'పెరోకెలిస్' అనే తాబేలు అలా దొరికింది. ఆశ్చర్యం ఏమంటే, అది ఇప్పటి వాటికి చాలా దగ్గరగా ఉంది. అంటే డైనోసార్ల కాలానికే ఈ శరీరం తయారైపోయింది. 6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లు పోయినప్పుడు ఇవి పోలేదు. ఉత్తర అమెరికాలో ఆ గీతకు కిందా పైనా ఉన్న రాతి పొరల్లో వీటి ఎముకలు కనిపిస్తాయి. నదిలో కుళ్లిన ఆకూ అలమూ తినే పురుగులు, వాటిని తినే చేపలు ఉన్నంతకాలం తాబేలుకు తిండి ఉంటుంది. బతకడానికి ఇదొక కారణం అంటారు.

జర్మనీలోని మెస్సెల్ గనిలో దొరికినవి ఇంకా విచిత్రం. అవి మెత్తటి డిప్పవి కావు, వాటి దగ్గరి బంధువులు. 4.7 కోట్ల ఏళ్ల నాటి ఆ పాత సరస్సు అడుగున తొమ్మిది జంటలు జంటలుగానే రాయిగా మారిపోయాయి. పైనీళ్లలో జతకట్టి, అలాగే మెల్లగా కిందికి దిగి, అడుగునున్న విషపు నీటిలో చనిపోయాయని 2012లో పరిశోధకులు వివరించారు. ఆ తాబేళ్లు చర్మం ద్వారా కూడా ఊపిరి తీసేవి గనకే విషం ఒంట్లోకి ఎక్కిందని వాళ్ల వాదన. ఎముక చూసి ఊపిరి సంగతి చెప్పడం అంటే ఇదే!

ఇక మన పక్కకు వద్దాం. మన తమిళనాడులోనే, అరియలూరు దగ్గర కల్లమేడులో డైనోసార్ల చివరి కాలం నాటి తాబేలు పుర్రె దొరికింది. కూర్మావతారం పేరు మీద దానికి 'కూర్మడెమిస్' అని పేరు పెట్టారు. అది మెత్తటి డిప్పది కాదు, మెడను పక్కకు మడిచే రకం. ఆ రకం ఇవాళ మన దేశంలో లేనే లేదు. అప్పుడు మన భూభాగం ఆసియాకు తగలకుండా సముద్రం మధ్య దీవిలా ఉండేది. మెత్తటి డిప్పవాటి పాత శిలాజాలు ఎక్కువగా ఆసియాలోనివి. అందుకని ఇవి మన దగ్గరికి బయటి నుంచి వచ్చినవే అనుకోవడానికి బలముంది. పాకిస్తాన్ సులేమాన్ కొండల్లో సుమారు 4 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు రాళ్లలో 'డ్రజిండెరెటిస్' అనే చాలా పెద్ద జాతి దొరికింది. తర్వాతి కాలపు శివాలిక్ కొండల్లో అయితే, ఇప్పుడు ఉత్తరాది నదుల్లో ఈదే వాటి దగ్గరివాళ్లే ఉన్నారు.

మన చెరువు తాబేలు డిప్ప వెనక అంచున చిన్న ఎముకలు కొన్ని ఉంటాయి. అవి పోయిన పాత అంచు ఎముకల మిగులా, కొత్తగా పుట్టినవా అన్నది ఇంకా వాదనే. చూడాలనిపించి పిల్లలు దాన్ని ఇంటికి పట్టుకురాకూడదు సుమా. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దాని పేరుంది, పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. వానాకాలం రోడ్డు మీద కనిపిస్తే, పెద్దవాళ్లను పిలిచి, అది పోతున్న వైపే నీటి దగ్గర వదిలిపెట్టించండి.