టర్బోకు ముందో న్యాయం, వెనకో న్యాయం

పెట్రోల్ టర్బో ఇంజన్ పూర్తి జోరు మీద ఉన్నప్పుడు సిలిండర్లలోంచి వచ్చే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అంత శక్తిని గాలికి వదిలేయకుండా దానితోనే పని చేయించాలన్న ఆలోచనకు స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగ తాకిడికి టర్బైన్ అనే ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్‌లోకి నెడుతుంది. చిన్న కార్లలో ఈ చక్రాలు నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగే సందర్భాలూ ఉన్నాయి.

ఒకప్పుడు బీఎండబ్ల్యూ 2002 టర్బో లాంటి అరుదైన కార్లకే పరిమితమైన ఈ ఏర్పాటు ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ వీధుల్లో తిరిగే ఐ20 ఎన్ లైన్, వర్టస్, నెక్సాన్‌లలోనూ ఉంది. కొన్నవాళ్లలో కొందరి చూపు త్వరలోనే ఎగ్జాస్ట్ మీద పడుతుంది. సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే హెడ్డర్, డౌన్‌పైప్, హై ఫ్లో క్యాట్, సైలెన్సర్... ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు? జవాబు చెప్పాల్సింది టర్బైనే.

శ్రీశైలం డ్యామ్‌లో టర్బైన్ ఎంత బలంగా తిరుగుతుందన్నది పైన నీరు ఎన్ని అడుగులుందన్న దానితోనే తేలదు. కింద నీరు ఎంత మట్టంలో ఉందో కూడా చూడాలి. కారు టర్బో సంగతీ అంతే. దానికి ముందున్న పీడనానికీ, వెనకున్న పీడనానికీ మధ్య నిష్పత్తే దాన్ని తిప్పుతుంది. ఒక టర్బైన్‌కు ఆ నిష్పత్తి 2 కావాలనుకుందాం. వెనక గొట్టంలో 1.3 బార్ పీడనం ఉంటే ముందు 2.6 బార్ పేరుకోవాలి. వెనక 1.1 బార్‌కి దించగలిగితే ముందు 2.2 చాలు. వెనక 0.2 తగ్గిస్తే ముందు 0.4 తగ్గిందన్నమాట. పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ పడే శ్రమ ఆ మేరకు తగ్గుతుంది, సిలిండర్‌లో మిగిలిపోయే వేడి పొగ తగ్గుతుంది, టర్బో త్వరగా వేగం అందుకుంటుంది. 'ఇంజన్‌కు కాస్త బ్యాక్ ప్రెజర్ ఉండాలి' అని గ్యారేజీల్లో తరచూ వినిపించే మాట టర్బోకు వెనకున్న గొట్టానికి వర్తించదు.

టర్బోకు ముందు న్యాయం వేరు. అక్కడ కావలసింది వెడల్పు కాదు. వేడి పోకూడదు, వేగం తగ్గకూడదు. మరీ పెద్ద గొట్టం వేస్తే పొగ అందులో వ్యాపించి, చల్లబడి, టర్బైన్‌ను నీరసంగా తాకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఇంధనం సాధారణంగా 1-3-4-2 వరుసలో మండుతుంది. వెంటవెంటనే వచ్చే పొగ తెరలు ఒకదానికొకటి అడ్డుపడకుండా 1, 4 సిలిండర్లను ఒక దారిలో, 2, 3ని మరో దారిలో టర్బైన్ దాకా తీసుకెళ్లే పద్ధతే ట్విన్ స్క్రోల్. అలాంటి టర్బో ఉన్న కారుకు నాలుగు దారుల్నీ ఒకచోట కలిపేసే హెడ్డర్ కొంటే ఉన్న లాభం కూడా పోతుంది.

కొన్ని కార్లలో అసలు హెడ్డర్ అనే విడి భాగమే లేదు. వర్టస్‌లో వాడే ఈఏ211 కుటుంబపు టీఎస్‌ఐ ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌తో కలిపే పోత పోశారు. దాని చుట్టూ కూలెంట్ ప్రవహిస్తుంది.

ఇక డౌన్‌పైప్. టర్బో దాటగానే మొదలయ్యే ఈ గొట్టంలోనే మార్పు ఫలితం ఎక్కువ, ఎందుకంటే పొగ అక్కడ ఇంకా వేడిగా, ఉబ్బి ఉంటుంది. అదే పొగ 800 డిగ్రీల దగ్గర ఆక్రమించే చోటు 400 డిగ్రీల దగ్గర ఆక్రమించే చోటుకు దాదాపు 1.6 రెట్లు. అందుకే తోక దగ్గర కన్నా టర్బో వెనక వెడల్పు ముఖ్యం. 2 అంగుళాల గొట్టాన్ని 3 అంగుళాలకు మారిస్తే లోపలి వైశాల్యం 2.25 రెట్లవుతుంది. రెండు లీటర్ల ఇంజన్‌తో 300 హార్స్‌పవర్ రాబట్టేవాళ్లకు అది అవసరం. 115 హార్స్‌పవర్ దగ్గర ఆగే ఒక లీటరు ఇంజన్‌కు అంత గొట్టం బరువు, చప్పుడు తప్ప ఇచ్చేదేమీ ఉండదు.

దారి మరీ తెరిస్తే ఇంకో చిక్కు. ఇంజన్‌లోకి నెట్టే గాలి పీడనం (బూస్ట్) హద్దు దాటకుండా మిగులు పొగను పక్కదారి పట్టించే చిన్న తలుపు వేస్ట్‌గేట్. వెనక అడ్డు తగ్గి టర్బైన్ గుండా ప్రవాహం పెరిగినప్పుడు ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నా చాలకపోవచ్చు. అప్పుడు బూస్ట్ దానంతటదే పెరుగుతూ పోతుంది. అందుకే డౌన్‌పైప్ మార్చినవాళ్లు ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు సరిచూపించుకోవడం తప్పనిసరి.

లోహం ఎంపికలోనూ లెక్క ఉంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం మీటరు పొడవున, 800 డిగ్రీలు వేడెక్కితే, దాదాపు సెంటీమీటరున్నర సాగుతుంది. చల్లారితే మళ్లీ కుంచించుకుంటుంది. రోజూ జరిగే ఈ లాగులాటలో ముందు పగిలేవి వెల్డింగు అతుకులే. ఇంజన్ ఊగినప్పుడు వంగే ఫ్లెక్స్ జాయింట్ లేని డౌన్‌పైప్ ఎంత చవగ్గా వచ్చినా కొనకూడదు. చవకైన 409 రకంలో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, 304లో 18 శాతం. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ తేడా తుప్పు రూపంలో కనిపిస్తుంది. గుర్తుపట్టడానికి ఒక అయస్కాంతం చాలు: 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు.

సైలెన్సర్ మారిస్తే శబ్దం మారుతుంది, శక్తి మాత్రం పెద్దగా పెరగదు. టర్బైనే పొగ తెరలను విరగ్గొట్టి సగం పని చేసేస్తుంది కాబట్టి చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఊలు దట్టించిన తిన్నని సైలెన్సర్ టర్బో కార్లకు బాగానే సరిపోతుంది.

ముట్టుకోకూడనిది క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్). ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న ఆ జల్లెడ కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని ఇంధనాన్ని, నైట్రోజన్ ఆక్సైడ్లను హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం పెడితే వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. లైటు ఆర్పించుకోవచ్చు గానీ విషవాయువు ఆగదు. ప్రవాహం పెంచుకోవాలనుకుంటే, చదరపు అంగుళానికి 400 నుంచి 600 గదులున్న క్యాట్ స్థానంలో 200 గదుల లోహపు క్యాట్ దొరుకుతుంది. అడ్డు తగ్గుతుంది, శుద్ధి కూడా కొంత తగ్గుతుంది. ట్రాక్ మీద నడిపే కారుకు అది సరే. రోడ్డు కారుకు కంపెనీ క్యాటే మేలు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుపై మూడు నెలల వేటు ఉన్నాయి.

అందుచేత డబ్బు పెట్టదలచినవాళ్లు ముందు తమ ఇంజన్ శక్తినీ, టర్బో రకాన్నీ తెలుసుకోవాలి. మానిఫోల్డ్‌ను అలాగే ఉంచి, క్యాట్‌ను కాపాడుకుని, ఆ కారు కోసమే కొలతతో చేసిన, ఫ్లెక్స్ జాయింట్ ఉన్న డౌన్‌పైప్‌ను చట్టం అనుమతించే మేరకే ఎంచుకోవాలి. దుకాణంలో అడగాల్సింది చప్పుడు ఎంత వస్తుందని కాదు, ఉద్గార పరీక్షలో నెగ్గుతుందా అని.