ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపములు

2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. వీని పోషణలో టైర్లు, ఇంజను ఆయిలు గుర్తుకు వచ్చినంతగా వెనుక దీపములు గుర్తుకు రావు. ట్రాక్టరునకు ఎన్ని దీపములున్నను, ట్రాలీ తగిలింపగానే అవి దాని చాటున పడిపోవును. మునిమాపువేళ వెనుక నుండి మోటారు సైకిలుపై వచ్చువానికి దీపములేని ట్రాలీ మిక్కిలి చేరువైనగాని కానరాదు. అప్పటికి బ్రేకు వేయుటకు వ్యవధి యుండదు.

ట్రాక్టరు వెనుక ఏడు పిన్నుల సాకెట్టు, ట్రాలీకి దానికి సరిపడు ప్లగ్గు ఉండవలెను. ఐ.ఎస్.ఓ. 1724 అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి 1వ పిన్ను ఎడమ ఇండికేటరుకు, 4వది కుడి ఇండికేటరుకు, 6వది బ్రేకు దీపములకు, 5, 7 కుడి యెడమల వెనుక దీపములకు, 3వది ఎర్తు తీగకు చెందును. అయితే ట్రాక్టరు చేసిన కంపెనీ వేరు, ట్రాలీ చేసిన షెడ్డు వేరు. కావున తీగల రంగులను నమ్మక, ఒక్కొక్క పిన్నును టెస్టు ల్యాంపుతో పరీక్షింపజేయుట మేలు. ఎడమకు తిరుగునపుడు కుడి దీపము మినుకుమినుకుమనుట, అసలు దీపము లేకుండుటకన్న చేటు.

తరచుగా చిక్కు వచ్చునది ఎర్తు వద్దనే. తగిలింపు కొక్కెము ఇనుమే కదా, కరెంటు దానిగుండా తిరిగి పోవునని కొందరు ఎర్తు తీగను మానివేయుదురు. ఆ చోట గ్రీజు, త్రుప్పు, రంగు పేరుకొనియుండును. బండి కుదిపినప్పుడెల్ల పట్టు తప్పును. అప్పుడు కరెంటు ఇతర బల్బుల గుండా దారి వెదకుకొనును. బ్రేకు త్రొక్కినచో వేరొక దీపము మసకగా వెలిగినయెడల మొదట బల్బును గాక ఎర్తును అనుమానింపవలెను.

12 వోల్టుల బండిలో 21 వాట్ల బల్బు ఒకటి సుమారు 1.75 ఆంపియర్లు తీసికొనును. బ్రేకు బల్బులు రెండైనచో 3.5 ఆంపియర్లు. సన్నని తీగ వేసి చవక చేసికొన్నచో వెలుగు తగ్గును, తీగ వేడెక్కును. ఎల్.ఇ.డి. దీపములు తక్కువ కరెంటుతో వెలుగును, కుదుపులకు ఓర్చును. కాని పాత ఫ్లాషరుతో ఎల్.ఇ.డి. ఇండికేటర్లు అతి వేగముగా కొట్టుకొనవచ్చును; అప్పుడు ఫ్లాషరును కూడ మార్పించవలసియుండును.

ఐరోపా దేశములలో పడక, వంట, ఫ్రిజ్జు గల విడిది ట్రెయిలర్లకు 13 పిన్నుల సాకెట్టు వాడుదురు. బ్యాటరీ ఛార్జికి, ఫ్రిజ్జుకు అందు వేరు తీగలుండును. చెత్త మోయు బండికి ఆ హంగు అక్కరలేదు.

వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్లు విడువరాదు. బండి రోడ్డు ప్రక్కన చెడి ఆగినపుడు, దీపములు ఆరినను అవి పనిచేయును. బురద మాత్రము కడుగుచుండవలెను.

మరమ్మతు బిల్లుపై సంతకము చేయుటకు ముందు ఒకనాడు చీకటి పడిన పిమ్మట ట్రాలీ తగిలించి, డ్రైవరు ఒక్కొక్క స్విచ్చి వేయుచుండగా సభ్యులొకరు వెనుక నిలిచి చూడవలెను.