మొలవని గింజ... నకిలీదేనా?

ఆగస్టులో నాలుగు చినుకులు పడ్డాయి. చెలక దున్ని, కిలోల లెక్కన కొన్న అశ్వగంధ విత్తనం చల్లారు. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. ఇక్కడో మొలక, అక్కడో మొలక! ‘నకిలీ విత్తనం అంటగట్టాడు’... రైతు నోట మొదట వచ్చే మాట ఇదే. ఒక్కోసారి అది నిజం కూడా. కానీ గింజ అసలుదే అయి, సంచిలోనే దాని ప్రాణం పోయి ఉంటే?

గింజ అంటే నిద్రపోతున్న మొక్క. నిద్రలోనూ ఊపిరి తీస్తుంది, దాచుకున్న తిండిని కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. వేడీ తేమా పెరిగితే ఆ ఖర్చూ పెరుగుతుంది. అమెరికా విత్తన శాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ దీనికో మోటు లెక్క చెప్పాడు. నిల్వ ఉన్నచోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే గింజ ఆయుష్షు రెట్టింపు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా రెట్టింపే.

ఈ లెక్కను మన ఊళ్లలో వేసి చూడండి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మే నెలలో 42 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రేకుల కింద ఇంకా ఎక్కువ. 27 డిగ్రీల గదిలో దాచిన గింజతో పోలిస్తే దీని ఆయుష్షు ఎనిమిదో వంతే! ఇంకో సూత్రం ప్రకారం ఫారన్‌హీట్‌లో వేడినీ, గాలిలో తేమ శాతాన్నీ కూడితే 100 దాటకూడదు. మన ఎండాకాలంలో వేడి ఒక్కటే 107. వానాకాలంలో అది 80కి దిగినా, తేమ 80కి ఎక్కి కూర్చుంటుంది. ఢిల్లీలోని జాతీయ జన్యు బ్యాంకులో ఎండబెట్టిన గింజలను మైనస్ 18 డిగ్రీల్లో దాచేది ఇందుకే. సొరబుర్రలో బూడిద కలిపి మూతి బిగించిన మన ముసలమ్మలదీ అదే ఉపాయం. సరిగ్గా ఎండని గింజను ప్లాస్టిక్ సంచిలో బిగించడం మాత్రం దాన్ని ఉడకేసినట్టే.

అలాగని అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. వరి, జొన్నల్లో అన్నీ ఒక్కసారే మొలిచే గింజలను మనిషి వేల ఏళ్లుగా ఏరుకుంటూ వచ్చాడు. నల్లమల మొక్కలకు ఆ అలవాటు లేదు. అన్ని గింజలూ ఒకే వానకు మొలిచి, తర్వాత పదిహేను రోజులు ఎండ కాస్తే వంశమే పోతుంది కదా! అందుకే గురివింద గట్టి తోలు కప్పుకుంటుంది. గరుకు కాగితం మీద రుద్దితేనో, వేడినీళ్లలో నానబెడితేనో గానీ నీళ్లు లోపలికి పోవు. కరక్కాయ, మొర్రి గింజలకు పెంకే కోట. వేపది పూర్తిగా వేరే దారి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లో విత్తాలి. వచ్చే ఏడాదికని దాచారా, మిగిలేది నూనెకే. చైనాలో 1,300 ఏళ్లనాటి తామర గింజ మొలిచిందన్న వార్త చదివి, మన వేప గింజను నిందించి లాభం లేదు.

అన్నిటికంటే చిత్రమైంది నేలవేముతో తంటా. ఆకులో చేదు, అంటే మందుగుణం, బాగా ఉండేది పూత మొదలయ్యే వేళకే. అప్పుడే కోస్తే మంచి ధర. కోశాక ఇక గింజ ఎక్కడిది? అడవిలో పీకినా, చేలో కోసినా అంతే. అందుకే విత్తనానికంటూ కొన్ని సాళ్లు విడిగా వదలాలి. వదిలినా కాయలన్నీ ఒకేసారి పండవు, పండినవి చిట్లి గింజ నేలపాలవుతుంది. గోధుమరంగుకు తిరగ్గానే విడతలుగా కోయాలి. ఓపిక కావాలి, కూలీ కావాలి. ఈ కూలీ ఖర్చు లెక్కలో వేసుకోకుండా ఔషధ సాగు లాభాల గురించి చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

వరి, పత్తి విత్తనాలకున్నంత పకడ్బందీ తనిఖీ ఈ గింజలకు లేదు. కాబట్టి పరీక్ష ఇంట్లోనే. కోసిన నెల ఏదని అమ్మేవాణ్ని ముందే అడగండి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టండి, ఆరకుండా చూడండి. అశ్వగంధ అయితే రెండు వారాల్లో తేలిపోతుంది. ఎనభైకి బదులు నలభై మొలిస్తే రెట్టింపు విత్తనం వేయాలి. పదే మొలిస్తే, దుక్కి దున్నకముందే సంచి వెనక్కి పంపాలి. నేలవేము మాత్రం మార్చిలో మొలవలేదని పారబోయకండి. కోశాక ఐదారు నెలలు అది నిద్రలేవదు. వానలు మొదలయ్యాక మళ్లీ చుట్టి చూడండి.