నక్షత్రాల చదువు, విదేశీ ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల్లో అంతరిక్షం మీద మక్కువ ఉన్న విద్యార్థి పైచదువుకు విదేశాలకు వెళ్లాలని తలపోసినప్పుడు, చుట్టూ వినిపించే సలహాల్లో అధికభాగం కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్లినవారి అనుభవం నుంచి వచ్చినవే. ఆ రంగానికి అవి సరిపోవచ్చు గాని ఈ రంగానికి చాలావరకు పనికిరావు. పైగా ఇక్కడ రెండు వేర్వేరు విద్యలున్నాయి: నక్షత్రాలను, గ్రహాలను, గెలాక్సీలను పరిశీలించి వాటి భౌతిక ధర్మాలను తెలుసుకునే ఖగోళశాస్త్రం ఒకటి కాగా, రాకెట్లను, ఉపగ్రహాలను రూపొందించే అంతరిక్ష ఇంజనీరింగ్ రెండోది. ఏ దేశానికి వెళ్లాలి, ఖర్చు ఎవరు భరిస్తారు, చదువు తర్వాత ఉద్యోగానికి చట్టం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్నలకు ఈ రెండింటిలో సమాధానాలు వేరు. ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావాటికి మూలం ఈ తేడాను గుర్తించకపోవడమే.

అపోహ: అమెరికాలో ఏరోస్పేస్ ఎంఎస్ పూర్తిచేస్తే నాసాలోనో, రాకెట్ కంపెనీలోనో ఉద్యోగం ఖాయం.

అన్నింటిలోకీ ఖరీదైన అపోహ ఇదే, ఎందుకంటే ఇది తప్పని తేలేది అప్పు చేసి, రెండేళ్లు చదివి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం మొదలయ్యాకే. ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చే రాకెట్‌కూ, బాంబును మోసుకెళ్లే క్షిపణికీ సాంకేతికంగా తేడా స్వల్పం కనుక, రాకెట్ ఇంజన్లను, వాటి మార్గనిర్దేశక వ్యవస్థలను అమెరికా చట్టం ఆయుధాల కోవలోనే లెక్కిస్తుంది. ఈ పరిజ్ఞానం పరాయి దేశాలకు చేరకుండా కట్టడి చేసే నిబంధనలను ఇటార్ అని వ్యవహరిస్తారు. ఓడలో సరుకు పంపడమే కాదు, కాలిఫోర్నియాలోని కార్యాలయంలో పక్క బల్ల దగ్గర కూర్చున్న విదేశీయుడికి ఇంజన్ డ్రాయింగ్ చూపించడం కూడా వీటి ప్రకారం ఎగుమతి కిందికే వస్తుంది. అందువల్ల అమెరికా పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని, శరణార్థులుగా అధికారిక గుర్తింపు పొందినవారిని మాత్రమే కంపెనీలు ప్రత్యేక లైసెన్సు లేకుండా ఇలాంటి పనుల్లో పెట్టుకోగలవు. తక్కినవారి కోసం ప్రభుత్వ లైసెన్సు తెచ్చుకోవాలి, కొత్తగా పట్టా పుచ్చుకున్న అభ్యర్థి కోసం ఆ శ్రమ పడే సంస్థ అరుదు.

ఇక్కడ ఓపీటీ గురించి ఒక మాట చెప్పాలి. విద్యార్థి వీసాపై చదివినవారు పట్టా తర్వాత 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ పట్టా అయితే మరో 24 నెలలు అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి అది. అయితే అది పనిచేసే హక్కును ఇస్తుందే తప్ప ఇటార్ దృష్టిలో విదేశీయుడిని స్వదేశీయుడిగా మార్చదు. మూడేళ్ల ఓపీటీ ఉంది కదా అన్న ధీమాతో రాకెట్ ప్రొపల్షన్ ఎంచుకున్నవారిలో పలువురు చివరకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనో, కార్ల పరిశ్రమలోనో చేరడానికి కారణం వారి ప్రతిభలో లోపం కాదు. ఏరోస్పేస్ వంటి సున్నితమైన రంగాల విద్యార్థులకు వీసా ఇంటర్వ్యూ తర్వాత అదనపు పరిశీలన పేరుతో వారాలు, ఒక్కోసారి నెలలు ఆలస్యమయ్యే అవకాశం కూడా ఉంది కాబట్టి, వీసా ప్రక్రియను ఆఖరి క్షణానికి వదిలేయడం ఈ కోర్సుల్లో మరింత ప్రమాదకరం.

నాసాలో శాశ్వత ప్రభుత్వోద్యోగం అమెరికా పౌరులకే పరిమితం. ఐరోపా అంతరిక్ష సంస్థ కూడా సాధారణంగా సభ్యదేశాల పౌరులనే తీసుకుంటుంది, భారత్ అందులో సభ్యదేశం కాదు. అయినా తలుపులన్నీ మూసుకున్నాయనడం కూడా అపోహే. బహిరంగంగా ప్రచురించే విశ్వవిద్యాలయ పరిశోధన చాలావరకు ఈ నిబంధనల పరిధిలోకి రాదు. నక్షత్రాల పుట్టుక గురించో, గ్రహాల వాతావరణం గురించో పరిశోధించేవారికి ఇటార్‌తో పనిపడే సందర్భాలు తక్కువ. డాక్టరేట్ పొందిన విదేశీయులు సైతం నాసా కేంద్రాల్లో పనిచేసేందుకు పోస్ట్‌డాక్టొరల్ కార్యక్రమం ఉంది. నాసా కోసం కాల్‌టెక్ నిర్వహించే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ కూడా కొన్ని ఉద్యోగాల్లోకి విదేశీయులను తీసుకుంటుంది.

అందరూ ఉదాహరణగా చెప్పే కల్పనా చావ్లా జీవితక్రమాన్ని తేదీలతో సహా చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 1982లో పంజాబ్ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టా పొందిన ఆమె 1984లో టెక్సాస్‌లో ఎంఎస్, 1988లో కొలరాడోలో పీహెచ్‌డీ పూర్తిచేసి, 1991లో అమెరికా పౌరసత్వం పొందిన తర్వాత 1994 డిసెంబరులో వ్యోమగామిగా ఎంపికయ్యారు. తొలిసారి అంతరిక్షంలోకి వెళ్లింది 1997లో. ఎంఎస్‌కూ ఎంపికకూ నడుమ పదేళ్లు ఉన్నాయి, ఆ పదేళ్లలో పీహెచ్‌డీ, పౌరసత్వం రెండూ ఉన్నాయి.

అపోహ: విదేశీ చదువంటే లక్షల్లో అప్పు తప్పదు.

ఎంఎస్ విషయంలో ఇది చాలావరకు నిజం, ఖగోళశాస్త్ర పీహెచ్‌డీ విషయంలో చాలావరకు అబద్ధం. అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ శాస్త్రంలో పీహెచ్‌డీ విద్యార్థిని, బ్యాచిలర్స్ పట్టాతోనే నేరుగా చేరినప్పటికీ, ఫీజు రద్దుచేసి, నెలనెలా భృతి ఇచ్చి చేర్చుకోవడం ఆనవాయితీ. ప్రవేశం ఖరారైనట్లు తెలిపే ఉత్తరంలో ట్యూషన్ ఫీజు మినహాయింపు, భృతి, ఆరోగ్య బీమా అన్న మూడు అంశాలతోపాటు, వీటికి బదులుగా వారానికి సుమారు 20 గంటలు డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పడమో, ప్రయోగశాలలో సహాయపడటమో, ఆచార్యుడి పరిశోధనలో పాలుపంచుకోవడమో చేయాలన్న షరతు ఉంటుంది. ఆ భృతి 9 నెలలకా, 12 నెలలకా అన్నది చాలామంది గమనించని వివరం, వేసవి మూడు నెలలు ఎలా గడుస్తాయన్నది తేలేది అక్కడే. ఇలాంటి సహాయంతో వచ్చిన అవకాశానికి బదులివ్వడానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇవ్వాలని అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు ఒక ఉమ్మడి ఒప్పందాన్ని పాటిస్తాయి కాబట్టి, ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఉత్తరానికే కంగారుపడి తలూపనక్కర్లేదు.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ పీహెచ్‌డీకి సాధారణంగా ముందుగా మాస్టర్స్ ఉండాలి, ఉన్నవారికి పరిశోధన జీతంతో కూడిన ఉద్యోగమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్‌కు ఫీజు లేదన్న మాట చాలాచోట్ల నిజమే అయినా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా ఇటీవల ఫీజులు ప్రవేశపెట్టింది. ఫీజు లేనిచోట కూడా ఏడాది జీవనవ్యయానికి సరిపడే సొమ్మును, అంటే 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క ప్రకారం 11,904 యూరోలను, నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోవడానికి వీలైన బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే జమచేయాలి. ఉచితమని విని ఈ మొత్తం సంగతి తెలియక ఆఖర్లో తాకట్టుకు ఇంటి పత్రాలు వెతుక్కునే కుటుంబాలు లేకపోలేదు. ఇంజనీరింగ్ వైపు వెళ్లేవారికి ఐరోపాలోని పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ మరో మార్గం. ఎంపికైనవారికి నెలకు 1,400 యూరోల ఉపకారవేతనం లభిస్తుంది.

అపోహ: జీఆర్‌ఈ స్కోరు, మార్కుల శాతం ఉంటే చాలు.

భౌతికశాస్త్ర జీఆర్‌ఈని ప్రవేశాలకు తప్పనిసరి చేయవద్దని అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ 2016లోనే సూచించగా, ఆ తర్వాత చాలా విభాగాలు ఆ షరతును తొలగించాయి. ఆ స్థానంలో బరువు పెరిగింది సిఫారసు లేఖలకు, వాటిలో కనిపించే పరిశోధన అనుభవానికి. కన్సల్టెన్సీలో డబ్బిచ్చి రాయించుకున్న ఉద్దేశపత్రం, అందులోనూ చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన ముచ్చటతో మొదలయ్యేది, ఎంపిక సంఘాన్ని కదిలించదు. దరఖాస్తుదారు ఏ సమస్య మీద పనిచేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఆ విభాగంలో ఎవరి పరిశోధనతో దానికి సంబంధం ఉంది అన్నవే అక్కడ చదువుతారు. మూడేళ్ల బీఎస్సీని అన్ని అమెరికా విశ్వవిద్యాలయాలూ తమ నాలుగేళ్ల పట్టాకు సమానంగా అంగీకరించవు కనుక, బీఎస్సీ విద్యార్థులు ఎమ్మెస్సీ కూడా పూర్తిచేసుకోవడం క్షేమం.

అపోహ: ఖగోళశాస్త్రజ్ఞులు రాత్రంతా దూరదర్శినిలో చూస్తూ గడుపుతారు, బీటెక్ వారికి అందులో చోటులేదు.

నేటి ఖగోళశాస్త్రజ్ఞులకు ప్రధాన పనిముట్టు కంప్యూటర్, ముఖ్యంగా పైథాన్ భాషలో రాసే ప్రోగ్రాములు. దూరదర్శినికి అమర్చిన కెమెరా నుంచి వచ్చే ముడి చిత్రంలో నక్షత్రాలతోపాటు అద్దాల మీది దుమ్ము వల్ల ఏర్పడిన గారెల్లాంటి వలయాలు, పాడైన పిక్సెళ్ల తెల్లచుక్కలు కూడా ఉంటాయి. మూతవేసి తీసిన చీకటి చిత్రాలను దాని నుంచి తీసివేసి, సంధ్యవేళ సమంగా వెలిగే ఆకాశాన్ని తీసిన చిత్రాలతో భాగించి, ఆ తర్వాతే నక్షత్రపు వెలుగును కొలుస్తారు. తన నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటినప్పుడు ఆ వెలుగు నూటికి ఒక వంతో, అంతకంటే తక్కువో తగ్గుతుంది, గ్రహం ఉనికికి ఆధారం ఆ తగ్గుదలే. హబుల్, జేమ్స్ వెబ్ దూరదర్శినుల పరిశీలనలు సాధారణంగా ఏడాదిలోపు అందరికీ ఉచితంగా అందుబాటులోకి వస్తాయి కాబట్టి, ఈ కొలతలను గుంటూరులోని హాస్టల్ గదిలో కూర్చుని కూడా సాధన చేయవచ్చు. చిలీలోని వెరా రూబిన్ వేధశాల కెమెరా 3,200 మెగాపిక్సెళ్లది, రాత్రికి దాదాపు 20 టెరాబైట్ల సమాచారాన్ని అందించేలా రూపొందింది. అంత సమాచారాన్ని వడగట్టడానికి సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు, యంత్రాభ్యసనం తెలిసిన కంప్యూటర్ విద్యార్థులు కావాలి. అయితే వారు భౌతికశాస్త్రంలోని లోటును, ముఖ్యంగా క్వాంటం సిద్ధాంతాన్ని, గణాంక భౌతికశాస్త్రాన్ని పూడ్చుకోక తప్పదు.

అపోహ: కళ్లద్దాలుంటే వ్యోమగామి కాలేరు, విదేశీ చదువు లేకుండా అసలే కాలేరు.

దృష్టిలోపాన్ని కళ్లద్దాలతో సరిచేయగలిగితే నాసా అభ్యంతరపెట్టదు, లేజర్ చికిత్సను కూడా 2007 నుంచి అనుమతిస్తోంది. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా భారత వాయుసేన టెస్ట్ పైలట్, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎంటెక్ చేసినవారు.

అపోహ: దేశంలో ఉండిపోతే ఈ రంగంలో భవిష్యత్తు లేదు.

విక్రమ్-ఎస్ రాకెట్‌ను 2022 నవంబరులో ప్రయోగించిన స్కైరూట్ సంస్థ హైదరాబాద్‌ది, ఇటార్ అడ్డులేకుండా రాకెట్ ఇంజన్ మీద పనిచేయాలనుకునే తెలుగు యువతకు ఇస్రో తర్వాత అందుబాటులో ఉన్న చోట్లలో అదొకటి. ఖగోళశాస్త్రం విషయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రత్యేక విభాగమే ఉంది. పుణేలోని ఐయూకా, బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ వంటివి జెస్ట్ వంటి ప్రవేశపరీక్షల ద్వారా విద్యార్థులను తీసుకుని ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయిస్తాయి. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హార్వర్డ్‌లో 1952లో పీహెచ్‌డీ పొందిన వేణు బప్పు తిరిగివచ్చి కావలూరు వేధశాలను స్థాపించగా, ఇప్పుడు దేశంలోనే శిక్షణ పొందిన అనేకులు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు మొదటిసారి విదేశాలకు వెళుతున్నారు. ఆ దశలో వెళ్లేవారికి ప్రవేశపరీక్షలు, బ్లాక్డ్ అకౌంట్, విద్యారుణం ఏవీ అవసరం లేదు, వెళ్లేది ఉద్యోగానికే గనుక.