డిప్లొమసీ ఆన్‌లైన్ గేమ్: పొత్తు ఎందుకు, వెన్నుపోటు ఎప్పుడు?

లూడోలో ఓడిపోతే పాచికల్ని తిట్టుకోవచ్చు. డిప్లొమసీలో ఆ ఛాన్స్ లేదు, ఎందుకంటే ఇందులో పాచికలే ఉండవు. అలన్ కాల్హామర్ రూపొందించిన ఈ బోర్డ్ గేమ్ 1959లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు వెబ్‌డిప్లొమసీ, బ్యాక్‌స్టాబర్ సైట్లలో బ్రౌజర్‌లోనే ఫ్రీగా ఆడుకోవచ్చు.

గేమ్ ఎలా ఉంటుంది?

1901 నాటి యూరప్ మ్యాప్. ఏడు దేశాలు, ఏడుగురు ప్లేయర్లు. మొత్తం 34 సప్లై సెంటర్లలో 18 పట్టుకున్నవారే విన్నర్. చాట్‌లో ఎవరు ఎవరికి ఏ మాటైనా ఇవ్వొచ్చు. మూవ్‌లు మాత్రం అందరూ రహస్యంగా ఇస్తారు, అన్నీ ఒకేసారి అమలవుతాయి. మాట మీద ఎవరు నిలబడ్డారో అప్పుడే తెలుస్తుంది.

పొత్తు ఎందుకు తప్పదు?

ప్రతి సైన్యం బలమూ సమానమే. ఒకదాన్ని ఒకటి ఢీకొంటే ఎవరూ కదలరు. మరో సైన్యం సపోర్ట్ ఇస్తేనే దారి దొరుకుతుంది. మొదట్లో ఒక్కొక్కరికి ఉండేవి మూడే యూనిట్లు (రష్యాకి నాలుగు). కాబట్టి పొరుగువారిని ఒప్పించాల్సిందే.

"మనం ఫ్రెండ్స్‌గా ఉందాం" అంటే ఎవరూ కరగరు. ఫ్రాన్స్ ఆడుతుంటే ఇటలీకి ఇలా రాయండి: "నా బర్గండీ సైన్యం మ్యూనిక్‌కి వెళ్తుంది. మీ టైరోలియా సైన్యంతో సపోర్ట్ ఇవ్వండి. నేను పీడ్‌మాంట్ వైపు రాను." ఎవరికి ఏం దక్కుతుందో స్పష్టంగా ఉన్న మెసేజే పని చేస్తుంది.

పోటుకీ టైమింగ్ ఉంది

ఏడాదికి రెండు టర్న్‌లు: స్ప్రింగ్, ఫాల్. సెంటర్ల లెక్క ఫాల్ తర్వాతే. ఇంగ్లిష్ ఛానల్ ఖాళీగా ఉంచుదామని ఒప్పుకున్న ఫ్రాన్స్, మొదటి స్ప్రింగ్‌లోనే బ్రెస్ట్ నుంచి నౌకాదళాన్ని అక్కడికి పంపిందనుకోండి. సెంటర్ ఒక్కటీ రాదు. లండన్‌ని కాపాడుకోవడానికి ఇంగ్లండ్‌కి ఫాల్ టర్న్ మిగిలే ఉంటుంది. ఫ్రాన్స్ మాటకి మాత్రం విలువ పోతుంది.

అదే ఫాల్‌లో ఒక్క దెబ్బకి రెండు సెంటర్లు లాక్కుంటే, అవతలివారు సెంటర్లకి మించిన యూనిట్లను తీసేయాలి. ఇక తిరిగి కొట్టే బలం ఉండదు. నమ్మకం ఒక్కసారే ఖర్చవుతుంది, దానికి తగ్గ రాబడి లేకపోతే ఆ పోటు దండగ.

ముందే పసిగట్టొచ్చా?

కొంతవరకు! 2015లో అమెరికా పరిశోధకులు ఈ గేమ్ చాట్‌లను విశ్లేషించారు. పోటుకి ముందు, పొడవబోయేవారి మాటల్లో మర్యాద ఎక్కువైంది. బలయ్యేవారు మాత్రం భవిష్యత్ ప్లాన్లు చెబుతూ పోయారు. అతి వినయం ధూర్త లక్షణమని మన పెద్దలు ఊరికే అనలేదు!

ఏఐ కూడా ఆడింది

2022లో మెటా తయారుచేసిన సిసెరో 82 మంది మనుషులతో 40 గేమ్‌లు ఆడి, ఒకటికి మించి గేమ్‌లు ఆడినవారిలో టాప్ 10 శాతంలో నిలిచింది. దాన్ని నిజాయితీగా ఆడేలా తయారుచేశామని మెటా చెప్పింది. అయినా అది మోసం చేసిన సందర్భాలున్నాయని 2024లో ఎంఐటీ పరిశోధకులు ఎత్తిచూపారు.

కొత్తవాళ్లకి టిప్స్

* టర్న్‌కి ఒక రోజు టైమిచ్చే గేమ్‌తో మొదలుపెట్టండి.
* మొదటి టర్న్‌లోనే ఆరుగురికీ మెసేజ్ పెట్టండి.
* పొత్తులో ఉన్నా సరిహద్దు సెంటర్లని ఖాళీగా వదలకండి.
* ఫ్రెండ్స్‌తో ఆడితే, గేమ్‌లో పోటు గేమ్‌లోనే వదిలేయాలని ముందే అనుకోండి.